పట్టికలు వ్రాసినవారు

గ్రంథాలయమునకు పోయినవారికి మొదట కనబడునవి బీరువాలలోని పుస్తకములు. పిదప కనబడునది పుస్తకమును చేతికిచ్చు ఉద్యోగి. ఈ రెంటికి నడుమ జరుగు పని మాత్రము కంటికి కనబడదు. పుస్తకమును ఎన్నుకొని తెప్పించుట, వచ్చినదానిని చేర్పు పుస్తకములో ఎక్కించుట, అది ఏ విషయమునకు సంబంధించినదో నిర్ణయించి సంఖ్య వేయుట, కర్త పేరును, గ్రంథము పేరును, ముద్రణ సంవత్సరమును సరిచూచి సూచిలో చేర్చుట, వెన్నుపై చీటి అంటించుట, చిరిగినదానిని కుట్టించి అట్ట వేయించుట, ఇవన్నియు లోపలి గదిలో జరుగు పనులు. గ్రంథాలయ శాస్త్రజ్ఞులు వీనినన్నిటిని కలిపి సాంకేతిక సేవ యందురు.

పుస్తకములకు వెచ్చించిన ధనము లెక్కలలో కనబడును. చదువరుల సంఖ్య వార్షిక నివేదికలో కనబడును. సూచి వ్రాయుటకు పట్టిన కాలము మాత్రము ఎచటను కనబడదు. అందుచేతనే ధనము చాలనప్పుడు మొదటి కోత తరచుగ ఈ లోపలి గదికే పడుచుండును. పుస్తకముల పేర్లు వ్రాసికొనుటకు ఇంతమంది ఎందులకు, ఇన్ని సంవత్సరములు ఎందులకు అని అడుగువారు నేడు ఉన్నారు, నాడును ఉండిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఈ ప్రశ్న రాజాజ్ఞచే ఏర్పడిన విచారణ సంఘము ఎదుటికే వచ్చినది. మన దక్షిణదేశమున వేరొక రూపమున వచ్చినది. దానికి చరిత్ర చెప్పిన సమాధాన మేమో తెలిసికొనుట మనకు నేటికిని అవసరము.

ఈ పని చాల ప్రాచీనమైనది. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దమున ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియా నగరములో టాలమీ రాజుల ఆశ్రయమున వెలసిన గ్రంథసంపదకు కల్లిమాకస్ అను గ్రీకు కవి 120 చుట్టలలో ఒక పట్టిక కూర్చెను. కర్తలను తరగతులుగ విభజించి, ఒక్కొక్కరిని గూర్చి కొంత జీవితవిశేషమును, వారి గ్రంథముల పేర్లను, గ్రంథపు మొదటి మాటలను, పంక్తుల లెక్కను అందు చేర్చెను. మొదటి మాటలు తెలిసినచో ఒకే పేరు గల రెండు గ్రంథములు కలగాపులగము కావు. పంక్తుల లెక్క తెలిసినచో ప్రతి సమగ్రమో కాదో తేలును. మన తాళపత్ర లేఖకులును ముప్పదిరెండు అక్షరములను ఒక గ్రంథముగ లెక్కించి ఆ సంఖ్యను ప్రతి చివర వేయు ఆచారము కలదు. రెండు దేశములలోను భయ మొక్కటే: ఆకు జారిపోయినను ఎవరికిని తెలియకపోవునేమో అని. అలెగ్జాండ్రియా గ్రంథాలయము నశించినది. కల్లిమాకస్ పట్టికయు నశించినది. తరువాతి రచయితలు ఆ పట్టికను జూచి వ్రాసికొన్న కొద్ది మాటలవలననే అచటి గ్రంథములను గూర్చి మనకు కొంతయైన తెలియుచున్నది.

అచ్చుయంత్రము వచ్చిన తరువాత ఈ పని బరువెక్కినది. వ్రాతప్రతుల కాలమున వేలతో సరిపోయిన లెక్క, అచ్చుపుస్తకముల కాలమున లక్షలకు పెరిగెను. ఆ బరువును మొదట పూర్తిగ గుర్తించినవాడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో పనిచేసిన ఆంటోనియో పానిజ్జీ.

పానిజ్జీ 1797లో ఇటలీ దేశపు మోడెనా రాజ్యములో, బ్రెసెల్లో అను చిన్న పట్టణమున పుట్టెను. న్యాయశాస్త్రము చదివెను. రాజునకు విరోధులైనవారి రహస్యసంఘములో చేరినాడన్న ఆరోపణపై ప్రభుత్వము పట్టుకొనబోగా, 1822లో దేశము విడిచి పారిపోయెను. అతడు లేకుండగనే విచారణ జరిపి మరణశిక్ష విధించిరి. 1823లో ఇంగ్లండు చేరి, లివర్‌పూలులో ఇటాలియను పాఠములు చెప్పుకొని పొట్ట పోసికొనెను. 1831లో మ్యూజియము గ్రంథాలయమున చిన్న ఉద్యోగము దొరకెను. 1837లో అచ్చుపుస్తకముల శాఖ కంతటికి అధిపతి ఆయెను. పరదేశమునుండి వచ్చిన కాందిశీకునికి ఇంత పదవి ఎందులకని గొణిగినవారు తక్కువ మంది కారు.

ఆ పదవికి వచ్చుటకు ఒక సంవత్సరము ముందు, 1836లో, పార్లమెంటు ఉపసంఘము ఎదుట పానిజ్జీ సాక్ష్యమిచ్చెను. బీదవిద్యార్థి తన జ్ఞానతృష్ణను తీర్చుకొనుటకు దేశములో మిక్కిలి ధనవంతునికి గల సాధనములే కలిగియుండవలెననియు, ఆ విషయమున ప్రభుత్వము ధారాళముగ సహాయము చేయవలెననియు అతడు వాదించెను. ఈ మాట గ్రంథాలయ చరిత్రలో ప్రసిద్ధమైనది. కాని దీనికి అతని సూచీకరణమునకు గల సంబంధమును చాలమంది గమనింపరు. ధనవంతుడు తనకు కావలసిన పుస్తకమును కొనగలడు. వెదకిపెట్టుటకు పండితుని జీతమిచ్చి నియమించుకొనగలడు. బీదవానికి వెదకిపెట్టువాడు సూచి ఒక్కటియే. అందుచేత సూచి చక్కగ నుండుట ఉద్యోగుల ముచ్చట కాదు, బీదవాని హక్కు.

అప్పటికి మ్యూజియములో రెండున్నర లక్షలకు లోపుగ పుస్తకములు ఉండెను. 1813 మొదలు 1819 వరకు అచ్చయిన ఏడు సంపుటముల సూచి యొకటి కలదు. దాని పుటల నడుమ తెల్లకాగితములు చేర్చి, క్రొత్త పుస్తకముల పేర్లు చేతితో వ్రాయుచు వచ్చిరి. ఎవరికి తోచినట్లు వారు వ్రాయుటచే ఒకే పుస్తకము రెండు చోట్ల, రెండు పుస్తకములు ఒకే చోట చేరుచుండెను. పానిజ్జీ తన సహోద్యోగులగు థామస్ వాట్సు, వింటర్ జోన్సు, ఎడ్వర్డు ఎడ్వర్డ్సు, జాన్ పారీ అనువారితో కూర్చుండి ప్రతి నియమమును తర్కించి తేల్చెను. అట్లు పుట్టిన నియమములు 91. ధర్మకర్తలు వానిని 1839లో ఆమోదించిరి. 1841లో అవి అచ్చుపడెను. అందు మొదటి నియమము చూచుటకు ఎంతో సామాన్యమైనది: పుస్తకముల పేర్లను ఒకే కొలత గల చీటీలపై వ్రాయవలెను. పెద్ద పుస్తకములో వరుసగ వ్రాసినచో నడుమ చోటు దొరకదు. చీటీపై వ్రాసినచో ఎప్పుడైనను ఎచటనైనను చేర్చవచ్చును. గ్రంథాలయము పెరుగుచుండునని ఒప్పుకొన్న నియమమిది.

పేరు వ్రాయుటకు తొంబదియొక్క నియమములా అని ఆశ్చర్యపడువారు మన భాషలోని సంగతినే చూడవచ్చును. శ్రీశ్రీ అని ముఖపత్రముపై నున్న పుస్తకమును శ్రీరంగం శ్రీనివాసరావు అను పేరున వెదకువాడు ఉండును. చలం పుస్తకములను గుడిపాటి వెంకటచలం అను పేరున అడుగువాడు ఉండును. తిరుపతి వేంకట కవులు అన్నచో ఒకరా, ఇద్దరా? దివాకర్ల తిరుపతిశాస్త్రి వేరు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి వేరు. పుస్తకము మాత్రము జంటపేరుతో నున్నది. ఆంధ్రమహాభారతమును నన్నయ పేరున చేర్చినచో తిక్కనకును ఎఱ్ఱనకును అన్యాయము. ముగ్గురి పేర్లను మూడు చోట్ల విడదీసినచో గ్రంథమునకు అన్యాయము. ఇంటిపేరు ముందు వ్రాయు మన ఆచారము ఇంగ్లీషు వాని ఆచారమునకు తలక్రిందులు. ఇట్టి చోట్ల ఒక నిర్ణయము చేసి, దానిని ప్రతిసారి పాటించి, తక్కిన పేర్ల క్రింద ‘ఫలానా పేరు చూడుడు’ అని దారి చూపవలెను. ఇవన్నియు ముందే ఆలోచించి వ్రాసిపెట్టినవే ఆ నియమములు.

ధర్మకర్తలకు ఈ ఆలోచన కంటె వేగము ముఖ్యముగ తోచెను. అక్షరక్రమమున ఒక్కొక్క సంపుటము అచ్చువేయుచు పోవలెనని, 1844 చివరికి పని ముగింపవలెనని వారు పట్టుపట్టిరి. లక్షల పుస్తకములను పూర్తిగ పరిశీలింపకముందు మొదటి అక్షరము పూర్తియైనదని చెప్పుట అసాధ్యమని పానిజ్జీ మొరపెట్టెను. ఏ మూల బీరువాలోని పుస్తకమో తుదకు మొదటి అక్షరపు కర్తదిగ తేలవచ్చును గదా. అయినను ఆజ్ఞ ప్రకారము ‘ఏ’ అక్షరపు సంపుటము 1841లో వెలువడెను. దానియందు లోపములు కనబడెను. రెండవ సంపుటము వెలువడనేలేదు.

పత్రికలలో అలజడి పెరిగెను. పుస్తకములు దొరకుట లేదని, సూచికి అంతులేదని ఫిర్యాదులు వచ్చెను. 1847లో మ్యూజియము వ్యవహారములను విచారించుటకు రాయల్ కమిషన్ ఏర్పడెను. పానిజ్జీకి వ్యతిరేకముగ సాక్ష్యమిచ్చినవారిలో సుప్రసిద్ధ రచయిత థామస్ కార్లైలు ఒకడు. ఎట్టిదో ఒక సూచి త్వరగ చేతికి రావలయునని అతని వాదము. సూచి లేని గ్రంథరాశి కన్ను లేని రాక్షసుని వంటిదని అతడే అనెను. సూచి కావలెననుటలో ఇరువురికి భేదము లేదు. దాని తయారీకి ఎంత శ్రమ అగుననుటలోనే భేదము.

కమిషన్ కార్యదర్శి షేక్స్పియరు పండితుడని పేరుపొందిన జాన్ పెయిన్ కాలియర్. క్లుప్తముగ వ్రాసిన సూచి చాలుననియు, ఆ పని తేలికయనియు అతని అభిప్రాయము. దానిని నిరూపించుటకు తన ఇంటిలోని 25 పుస్తకములకు తానే పట్టిక వ్రాసి చూపెను. పానిజ్జీ ఆ పట్టికను వింటర్ జోన్సుకు ఇచ్చి పరీక్షింపు మనెను. సూచీకరణములో చేయదగిన తప్పులన్నియు దాదాపుగ ఆ ఇరువదియైదింటిలోనే కలవని జోన్సు ఒక్కొక్కదానిని ఎత్తిచూపెను. తన ఇంటి పుస్తకములు, తన చేతిలోనివి, తనకు తెలిసినవి. వానికే ఇట్లయినచో, వేరువేరు భాషలలోని లక్షల పుస్తకముల మాట యేమి? కమిషన్ పానిజ్జీ మార్గమునే సమర్థించి 1850లో నివేదిక సమర్పించెను. కొంతకాలమునకు, 1859లో, ఈ కాలియరే షేక్స్పియరు పాతప్రతిలో పాత వ్రాతవలె కనబడు సవరణలను క్రొత్తగ కల్పించినాడన్న అభియోగము వచ్చెను. దానిని బయటపెట్టినది అదే మ్యూజియములోని వ్రాతప్రతుల శాఖవారు.

ఆ తరువాత మ్యూజియమువారు ఒక ఉపాయము చేసిరి. ప్రతి పుస్తకమునకును కార్బను కాగితములతో ఒకేసారి నాలుగు చీటీలు వ్రాసి, ఒకదానిని పెద్ద సంపుటములలో పలుచగ అంటించుచు వచ్చిరి. క్రొత్త పేరు నడుమకు వచ్చినచో చీటీలను ఊడదీసి జరుపవచ్చును. 1857లో గుండ్రని గోపురము క్రింద నూతన పఠనమందిరము తెరచినప్పుడు దాని నడుమ బల్లలపై నిలిచినవి ఈ సూచీ సంపుటములే. అప్పటికి పుస్తకముల సంఖ్య అయిదు లక్షలు దాటినది. ఆ మందిరమునకు మొదటి చిత్తుపటము గీచినవాడు పానిజ్జీయే.

ఆ నియమములు తర్కించిన అయిదుగురిలో ఎడ్వర్డు ఎడ్వర్డ్సు తాపీపనివాని కుమారుడు. పానిజ్జీతో అతనికి పొసగక 1850లో మ్యూజియము విడువవలసి వచ్చెను. కాని అదే సంవత్సరమున ఇంగ్లండులో వచ్చిన పౌరగ్రంథాలయ శాసనమునకు దోహదము చేసినవారిలో అతడు ముఖ్యుడు. 1852లో తెరచిన మాంచెస్టరు ఉచిత గ్రంథాలయమునకు అతడే మొదటి గ్రంథపాలకుడు. లోపలి గదిలో చీటీలు వ్రాసినవాడే వీధి తలుపు అందరికి తెరచినవాడు కూడ అయినాడు.

పానిజ్జీ మ్యూజియములో ఈ పోరాటము మొదలుపెట్టిన రోజులలోనే అదే లండను నగరమున తెలుగువారికి సంబంధించిన వేరొక కథ జరుగుచుండెను. దానిని తెలిసికొనుటకు ముందు కొంత వెనుకకు పోవలెను.

1783లో మద్రాసు చేరిన కాలిన్ మెకంజీ దొర భూమి కొలతల ఉద్యోగి. ఊరూర తిరిగి కొలతలు వేయుచు, ఆ ఊరి చరిత్రలను, శాసనములను, తాళపత్రములను, నాణెములను సేకరించెను. సేకరించెననుటకన్న సేకరింపించెననుట సత్యము. ఏలూరివాడగు కావలి వెంకట బొర్రయ్య 1796లో అతని కొలువున చేరి, పాతలిపులను చదువుటలో అసమానుడై, 1803లో చిన్నవయసుననే మరణించెను. తరువాత అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించెను. మన గ్రామ కైఫీయతులు ఈ పరిశ్రమ ఫలములే. మెకంజీ 1821లో మరణించెను. కంపెనీవారు ఆ సంచయమును లక్ష రూపాయలకు అతని భార్యయొద్ద కొనిరి. అందు 8,076 శాసనముల నకళ్లును, 6,218 నాణెములును, 1,568 గ్రంథముల వ్రాతప్రతులును ఉన్నట్లు లెక్క తేలెను.

ఈ లెక్క తేల్చినది కలకత్తాలో హోరేస్ హేమన్ విల్సను 1828లో ప్రకటించిన రెండు సంపుటముల సూచి. విల్సను గొప్ప సంస్కృత పండితుడు. కాని తెలుగు, తమిళ, కన్నడ గ్రంథముల విషయమున పండితులు వ్రాసియిచ్చిన సంగ్రహములే అతని కాధారము. లోపములు లేకపోలేదు. అయినను ఆ సూచి లేనిచో, కొన్న వస్తువు ఏమో కొన్నవారికే తెలియకుండెడిది. ఇచట మరువరాని సంగతి యొకటి కలదు. ఆ సంచయమును పోగుచేసిన తీరు, ఏ కట్ట ఏ ఊరిదో, ఎవరు చదివి చెప్పిరో తెలిసిన లక్ష్మయ్య ఇంకను జీవించియే యుండెను. మెకంజీ పనిని కొనసాగించుటకు తన కవకాశమిండని అతడు కోరెను. ఆ పనికి అతడు చాలడని కలకత్తాలోని పండితులు త్రోసిపుచ్చిరి. ఆయనకు తెలిసినదంతయు పట్టికలోని కెక్కకయే పోయినది. సొమ్ము పోసి కొన్నది వస్తువును మాత్రమే; దానిని గూర్చిన జ్ఞానమును కాదు.

దక్షిణదేశ భాషల ప్రతులు మద్రాసునకు తిరిగి వచ్చెను. 1830 దశకపు చివర విలియం టెయిలర్ అను మతాచార్యుడు వానిని పరీక్షింప పూనుకొనునప్పటికి కొన్ని పురుగు తినిపోయెను. కొన్నిటిలో సిరా వెలసిపోయెను. చదువ వీలైనవానికి నకళ్లు వ్రాయించుట కూడ అతని పనిలో భాగ మాయెను. 1857 మొదలు 1862 వరకు మూడు సంపుటములుగ అతడు వివరణసూచి ప్రకటించెను. నేటి పండితులు అందలి తప్పులను ఎన్నింటినో దిద్దిరి. దిద్దుటకైనను ముందొకటి ఉండవలెను గదా.

ఇక లండను కథ. చార్లెసు ఫిలిప్ బ్రౌను దొర 1830 దశకమున సెలవుపై ఇంగ్లండులో నుండగా, కంపెనీవారి ఇండియా హౌసు గ్రంథాలయములో దక్షిణదేశ భాషల వ్రాతప్రతుల రాశి అతని కంటబడెను. అవి 1811లో మరణించిన జాన్ లేడెన్ అను పండితుని సేకరణలు. ఆ లిపులు చదువువారు లేని చోట అవి పడియుండుట వ్యర్థమని బ్రౌను వాదించి, వానిని మద్రాసునకు పంపించునట్లు చేసెను. కడపలో తన ఇంట పండితులను చేర్చుకొని, ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి, పాఠములు పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించి, పదసూచికలు కూర్పించిన బ్రౌనుకు ఈ పని విలువ బాగుగ తెలియును. అతని నిఘంటువు 1852లో వెలువడినది. దాని వెనుక ఉన్నవి ఈ పండితుల పట్టికలే. పట్టికలు వ్రాసినవారిలో చాలమంది పేర్లు మన కెవరికిని తెలియవు.

మెకంజీ, లేడెన్, బ్రౌను సంచయములు మూడును కలసి మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకాగారమైనవి. అచట పనిచేసినవారిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటివారు కలరు. తాళపత్రపు కట్టకు సూచి వ్రాయుట అచ్చుపుస్తకమునకు వ్రాయుట వంటిది కాదు. ముఖపత్రము ఉండదు. ఒక కట్టలో నాలుగు గ్రంథములు ఉండవచ్చును. పైచీటీపై మొదటిదాని పేరు మాత్రమే ఉండవచ్చును. ఆదియు అంతమును చదివి, గద్యమును బట్టి కర్తను పోల్చి, ఎన్ని ఆకులో, ఏ ఆకు లోపించినదో లెక్కించి వ్రాయవలెను. అట్లు చదివెడివారు ఉండుటచేతనే మరుగుపడిన గ్రంథములు బయటపడినవి. నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో అచ్చువేయునంతవరకు అట్టి కావ్యము తెలుగున కలదని సామాన్య పాఠకు లెరుగరు. ఆకులు శతాబ్దములుగ ఉన్నవి. చదివి పేరు పెట్టినవాడు లేకపోవుటచే లేనట్లే ఉన్నవి.

వ్రాతప్రతుల మాట ఇట్లుండగా, అచ్చుపుస్తకముల విషయమున ఈ పనికి శాస్త్రగౌరవము తెచ్చిన మహనీయుడును మద్రాసులోనే లభించెను. 1892లో తంజావూరు జిల్లా శీయాళిలో జన్మించిన శీయాళి రామామృత రంగనాథన్‌గారు గణితశాస్త్ర ఉపాధ్యాయులు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగ చేరిరి. చేరిన కొలది దినములకే ఆ ఒంటరి ఉద్యోగము విసుగెత్తి, తిరిగి పాఠములు చెప్పుకొందునని ప్రెసిడెన్సీ కాలేజీకి పోయి అడిగిరట. ముందు లండను పోయి శిక్షణ పొందుడు, అప్పటికిని విసుగే అయినచో తిరిగి రండని వారిని ఒప్పించిరి. ఆ సంవత్సరమే లండనుకు పోయి, బెర్విక్ సేయర్సు అను ఆచార్యునియొద్ద వర్గీకరణము నేర్చి, ఇంగ్లండులోని అనేక గ్రంథాలయములు చూచిరి.

అప్పటికి ప్రపంచమున ప్రచారములో నున్నది అమెరికా దేశీయుడగు మెల్విల్ ద్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణము. జ్ఞానమునంతను పది తరగతులుగ విభజించి, ప్రతి విషయమునకు ముందే ఒక సంఖ్య ఏర్పరచిన పద్ధతి అది. ఎంతో ఉపయోగపడినది. కాని అందు మతమునకు ఇచ్చిన వంద సంఖ్యలలో ఎక్కువభాగము క్రైస్తవమునకే పోయినది. హిందూమతము, బౌద్ధము, ఇస్లాము మొదలైనవన్నియు తుది పదింటిలో ఒదిగియుండవలసి వచ్చినది. పుస్తకమునకు సంఖ్య వేయువాడు ఏ దేశమున కూర్చుండి వేయుచున్నాడో ఆ సంఖ్యయే చెప్పుచున్నది. ఇది కేవలము గుమాస్తా పని కాదనుటకు ఇంతకంటె తార్కాణ మేమి కావలెను?

లండనులోని సెల్ఫ్రిడ్జి అంగడిలో రంగనాథన్‌గారు మెకానో అను ఆటవస్తువును చూచిరి. ఇనుపపట్టీలు, చక్రములు, మరలు విడివిడిగ నుండును; వానిని బిగించి పిల్లవాడు ఒకసారి వంతెనను, ఒకసారి బండిని చేయును. విషయములకును ఇట్లే సంఖ్యలు ఏల కూర్పరాదని వారికి తోచెను. వరిపైరునకు వచ్చు తెగులును గూర్చిన పుస్తకము వచ్చినదనుకొందము. దానికి ముందే సంఖ్య సిద్ధముగ నుండనక్కరలేదు. వ్యవసాయము, వరి, తెగులు అను ముక్కలకు వేరువేరు గుర్తు లుండిన చాలును. వానిని రెండు చుక్కల గుర్తుతో కూర్చినచో క్రొత్త విషయమునకు క్రొత్త సంఖ్య పుట్టును. ఆ రెండు చుక్కల గుర్తును బట్టి దానికి కోలన్ వర్గీకరణమని పేరు వచ్చినది. 1925లో మద్రాసు తిరిగి వచ్చిరి. తమ గ్రంథాలయమునందే దానిని అమలుపరచి, సవరించి, 1933లో ప్రకటించిరి. మరుసటి సంవత్సరము సూచీకరణ నియమావళి వెలువడెను. తిరిగి పాఠములు చెప్పుకొనుటకు మరల పోలేదు.

1931లో మద్రాసు గ్రంథాలయ సంఘము ప్రకటించిన వారి పంచసూత్రములు ప్రపంచ ప్రసిద్ధములు. పుస్తకములు ఉపయోగము కొరకు. ప్రతి పాఠకునకు అతని పుస్తకము. ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు. పాఠకుని కాలము వృథాపోరాదు. గ్రంథాలయము పెరుగు ప్రాణి. ఈ అయిదింటిని వేదికలపై వల్లించువారు చాలమంది కలరు. వీనిలో ఏదియు లోపలి గదిలోని పని లేక నెరవేరదని గుర్తించువారు కొందరే. ప్రతి పుస్తకమునకు దాని పాఠకుని చూపునది విషయసూచిక. పాఠకుని కాలము నిలుపునది సరియైన సంఖ్య. పెరుగు ప్రాణికి చోటిచ్చునది చీటీ. రంగనాథన్‌గారు తరువాతి కాలమున లక్ష రూపాయలు విశ్వవిద్యాలయమునకు విరాళమిచ్చి, తమ భార్య శారదగారి పేరును చేర్చి గ్రంథాలయ శాస్త్రమునకు ఆచార్యపీఠ మేర్పరచిరి. 1972లో వారు స్వర్గస్థులైరి. జీతముతో బ్రతికిన గ్రంథపాలకుడు లక్ష రూపాయలు తిరిగి ఇచ్చినది పుస్తకములు కొనుటకు కాదు, ఈ పని నేర్పుటకు అని మరువరాదు.

తెలుగుదేశమున గ్రంథాలయోద్యమము 1914లో బెజవాడ మహాసభతో సంఘటితమైనది. అయ్యంకి వెంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలైన పెద్దలు ఊరూర పుస్తకములు చేర్చిరి. ఆ ఉత్సాహమును మనము సగర్వముగ స్మరింతుము. వేటపాలెములోని సారస్వత నికేతనమున పాతపత్రికల సంపుటములు నేటికిని పరిశోధకులకు దొరకుచున్నవన్నచో, వానిని కుట్టించి, వరుస తప్పక నిలిపి, పట్టిక వ్రాసినవారి చేతిచలువయే కారణము. పోగుచేసినను పట్టిక వ్రాయని ఊళ్లలోని పుస్తకముల గతి వేరుగ చెప్పనక్కరలేదు.

1901లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము అచ్చువేసిన సూచీకార్డులను ఇతర గ్రంథాలయములకు అమ్మ మొదలుపెట్టినది. ఒకచోట ఒకడు శ్రద్ధగ వ్రాసినది వేయి చోట్ల ఉపయోగపడెను. 1960 దశకమున అదే గ్రంథాలయమున హెన్రియెట్ ఏవ్రం అను విదుషి కార్డులోని ప్రతి అంశమునకు గుర్తు ఏర్పరచి యంత్రము చదువదగినట్లు చేసెను. నేడు కంప్యూటరు తెరపై పేరు కొట్టినంతనే పుస్తకము కనబడుట దాని ఫలమే. దీనిని చూచి, ఇక సూచి వ్రాయువారితో పనిలేదను మాట మరల బయలుదేరినది. ఇది కాలియరు వాదమే. యంత్రము తనకిచ్చిన పేరును వెదకును. ఇయ్యని పేరును వెదకలేదు. తెలుగు పుస్తకపు పేరును రోమను లిపిలో వ్రాసినచో, ‘వేంకట’ అను ఒక్క మాటను పలువురు పలు విధముల వ్రాయుదురు. ఒకరు ఒక విధముగ ఎక్కించిన పుస్తకము మరొక విధముగ వెదకినవానికి దొరకదు. వేలకొలది పాతపుస్తకముల పుటలను బొమ్మలుగ తీసి నిలువచేసినను, కర్త పేరు తప్పినచో, రెండవ సంపుటమును మొదటిదని వ్రాసినచో, అది బీరువాలో తప్పుచోట పెట్టిన పుస్తకమే. వెనుకటి తప్పు ఒక గ్రంథాలయమునకే పరిమితము. నేటి తప్పు క్షణములో దేశదేశములకు నకలగును. యంత్రము వచ్చినందున ఈ పనివారి బాధ్యత పెరిగినదే కాని తగ్గలేదు.

మన రెండు తెలుగు రాష్ట్రములలో ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకము కూడ వసూలగుచున్నది. అనగా ఇల్లున్న ప్రతివాడును గ్రంథాలయమునకు ధనమిచ్చినవాడే. అట్టివాడు తన ఊరి గ్రంథాలయమును గూర్చి, ఈ ఏడు ఎన్ని పుస్తకములు కొన్నారని అడుగుట పరిపాటి. దానితోపాటు వేరొక ప్రశ్నయు అడుగవలెను: వచ్చిన పుస్తకములలో ఎన్ని సూచికెక్కినవి, ఎన్ని ఇంకను కట్టలలోనే ఉన్నవి, ఆ పని చేయుటకు శిక్షణ పొందినవారు ఎందరున్నారు? ఆ జీతము దండుగ కాదు. పుస్తకమునకు పెట్టిన ధనమును దండుగ కాకుండ కాపాడునది అదే. లక్ష్మయ్యను త్రోసిపుచ్చినవారు ఆనాడు కొంత సొమ్ము మిగుల్చుకొనియుందురు. ఆయనతోపాటు పోయిన జ్ఞానమును ఎంత సొమ్ము పోసినను నేడు తిరిగి కొనలేము.